కోర్టా, పెద్దమనుషులా, మీడియేషనా: ఏది మేలు?

అన్నదమ్ముల మధ్య పొలం తగాదా వచ్చినా, కంపెనీ రిలీవింగ్ లెటర్ ఇవ్వకుండా తిప్పుతున్నా మన దగ్గర వినిపించే మాటలు రెండే. "పెద్దమనుషుల్లో పెడదాం" అంటారు, లేదంటే "కోర్టులో తేల్చుకుందాం" అంటారు. ఇద్దరినీ మాట్లాడించి రాజీకి తెచ్చే, శిక్షణ పొందిన మీడియేటర్ (మధ్యవర్తి) దగ్గరికి వెళ్దామనే ఆలోచన చాలామందికి రాదు. తగాదా తీరాక కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిన వాళ్లయితే ముందు అక్కడికే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. అయితే అన్ని తగాదాలకూ అది పనికిరాదు.

పెద్దమనుషుల పంచాయితీని తక్కువ చేయలేం. ఊరి సంగతి, రెండు కుటుంబాల పాత కథలు వాళ్లకు తెలుసు. ఖర్చు ఉండదు, ఒక్కోసారి ఒక్క సాయంత్రంలోనే తెగిపోతుంది. కానీ అక్కడ తీర్పు చెప్పేది వాళ్లు, మీరు కాదు. పైగా నలుగురిలో అన్న మాట తెల్లారేసరికి ఊరంతా తిరుగుతుంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుందని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ చెప్పినా, వాటా అడిగిన ఆడపడుచుకు "పుట్టింటికి రావాలని లేదా?" అన్న ప్రశ్నే ముందు ఎదురవుతుంది.

మీడియేటర్ తీర్పు చెప్పడు. ఇద్దరితో కలిపి మాట్లాడతాడు, తర్వాత విడివిడిగా కూర్చుంటాడు. విడిగా చెప్పిన మాటను మీరు ఒప్పుకుంటే తప్ప అవతలివాళ్లకు చేరవేయకూడదు. రాజీ కుదరకపోయినా అక్కడ అన్న మాటల్ని తర్వాత కోర్టులో సాక్ష్యంగా వాడకూడదు. అందుకే మనిషి మనసులో ఉన్నది బయటపెడతాడు.

పంచాయితీలో చాలామంది గమనించని ప్రమాదం ఇంకోటుంది. ప్రోనోటు బాకీకి దావా వేసే గడువు మూడేళ్లు. "ఈ పంట రాగానే ఇస్తాడులే" అంటూ పెద్దమనుషులు వాయిదాలు వేస్తుంటే ఆ గడువు ఆగదు. మూడేళ్లు దాటకముందే కొంత కట్టించుకుని, నోటు వెనక ఆ చెల్లు రాయించి బాకీదారు సంతకం తీసుకుంటే కొత్త గడువు మొదలవుతుంది. ఎవరి దగ్గర మాట్లాడుకున్నా ఈ ఒక్క పని మాత్రం మరవకండి.

ఇక కోర్టు. ఆస్తి పంపకాల (పార్టిషన్) దావాలో ముందు ఎవరి వాటా ఎంతో ప్రాథమిక డిక్రీలో, అంటే కోర్టు ఇచ్చే తొలి తీర్పులో తేలాలి. ఆ తర్వాత కోర్టు పంపే అడ్వకేట్ కమిషనర్ వచ్చి పొలం కొలవాలి, ఆపైన తుది డిక్రీ రావాలి. మధ్యలో అప్పీళ్లు, వారసుల్ని చేర్చడాలు. ఇంతా చేసి కోర్టు ఇచ్చేది వాటాలే. బోరు పెద్దవాడి వైపు వస్తే చిన్నవాడికి వారంలో ఎన్ని రోజులు నీళ్లు వదలాలి, అమ్మ ఎవరి దగ్గర ఉంటుంది, ఆవిడ మందుల ఖర్చు ఎవరు ఎంత పెట్టుకోవాలి, వెనక చేనుకు బండి దారి ఎటునుంచి ఇవ్వాలి? అన్నదమ్ముల్ని నిజంగా విడదీసేవి ఇవే. ఇవన్నీ ఒకే కాగితంలోకి వచ్చేది రాజీలోనే.

కానీ అవతలివాడు రేపో మాపో పొలం అమ్మేయబోతున్నాడంటే మీడియేషన్ అంటూ కూర్చోవద్దు, ముందు అమ్మకం ఆపే కోర్టు ఉత్తర్వు (ఇంజంక్షన్) తెచ్చుకోండి. దొంగ వీలునామా పుట్టించాడని మీకు నమ్మకంగా తెలిసినా కోర్టే సరైన చోటు. కేసు వేశాక కూడా మీడియేషన్ అడగొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 89వ సెక్షన్ ప్రకారం జడ్జి పంపవచ్చు. ఆ రాజీని కోర్టు రికార్డు చేస్తే డిక్రీ అవుతుంది. బయట రాసుకున్న భాగపంపకాల కాగితానికైతే రిజిస్ట్రేషన్ తప్పదు. వ్యాపార ఒప్పందాల తగాదా 3 లక్షలు, ఆపైన ఉంటే, అత్యవసర ఉత్తర్వు అవసరమైతే తప్ప, దావాకు ముందే మీడియేషన్‌కి వెళ్లాలి. ఇది తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది.

రాజీకొచ్చే కేసుల్ని తేల్చే లోక్ అదాలత్ చెక్ బౌన్స్, ప్రమాద బీమా లాంటి డబ్బు లెక్కలకు బాగుంటుంది. ఫీజు లేదు, అక్కడిచ్చే అవార్డు (తీర్పు) మీద అప్పీలు లేదు. ఒక్కరోజులో వందల ఫైళ్లు కదిలే చోట ఇంటి గొడవను నింపాదిగా వినే తీరిక మాత్రం ఉండదు.

ఆఫీసు తగాదాల్లో లెక్క మారుతుంది. హెచ్‌ఆర్ మనిషి ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించడం మీడియేషన్ కాదు, ఆ మనిషికి జీతం ఇచ్చేది కంపెనీయే. ఇద్దరూ ఒప్పుకున్న బయటి మీడియేటర్ ఉండాలి. రిలీవింగ్ లెటర్, నోటీసు పీరియడ్, బాండు డబ్బు లాంటి వాటిలో కేసు గెలిచేసరికి కొత్త ఉద్యోగం చేజారిపోతుంది కాబట్టి మీడియేషనే మేలు. కార్మికులకైతే లేబర్ ఆఫీసులో కన్సిలియేషన్ (రాజీ ప్రయత్నం) ఉంది, ఖర్చు లేదు. మేనేజర్ స్థాయి ఉద్యోగులకు ఆ దారి లేదు, వాళ్లకు బయటి మీడియేటర్ ఇంకా అవసరం.

అయితే చట్టం తేల్చి చెప్పినదాన్ని బేరానికి పెట్టకండి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినా, తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. అందులో సగం తీసుకుని సరిపెట్టుకోమనే రాజీ రాజీయే కాదు.

లైంగిక వేధింపుల ఫిర్యాదుల్లో ఇంకా జాగ్రత్త కావాలి. 2013 చట్టం ప్రకారం బాధితురాలు తానుగా అడిగితేనే, విచారణ మొదలుకాకముందే రాజీ ప్రయత్నం చేయాలి. అదీ డబ్బు ప్రాతిపదికన కుదరకూడదు. ఆమె అడగకుండా "మాట్లాడుకుని సర్దుకుపోండి" అని పైవాళ్లు అంటే ఒప్పుకోనక్కర్లేదు. విచారణ జరపమనే అడగాలి, దాన్ని 90 రోజుల్లో ముగించాల్సిన బాధ్యత ఆ ఫిర్యాదుల్ని విచారించే కమిటీది.