పాత పికప్ ట్రక్కులో కొత్త ఇగ్నిషన్ లాక్: నాలుగేళ్ల వాడకం తర్వాత

నా పికప్ ట్రక్కు 1988 మోడలు. తాళంచెవిలో చిప్పులు రాని కాలం నాటిది కాబట్టి అందులో ఏర్పాటు సరళంగానే ఉంటుంది: స్టీరింగ్ కాలమ్ పక్కన తాళం సిలిండరు, దాని వెనుక నుంచి కిందికి దిగే సన్నని ఇనుప కడ్డీ, ఆ కడ్డీ కొసన కాలమ్‌కు బిగించిన కరెంటు స్విచ్చి. నాలుగేళ్ల క్రితం పాత సిలిండరు తీసేసి, బయటి తయారీదారు చేసిన కొత్తదాన్ని, దానితో వచ్చిన రెండు తాళంచెవులతో సహా వేసుకున్నాను. సరుకు మంచిదేనా అని అడిగితే మంచిదేనంటాను. అయితే వేసిన మొదటి నెలలో దాన్ని తిట్టుకున్న తిట్లకు లెక్క లేదు. వాటిలో ముప్పాతిక వంతు వేరే భాగానికి చెందవలసినవని తర్వాత తెలిసింది.

పాత తాళం ఎందుకు మార్చానంటే, అందులో చెవి పళ్లను పట్టుకునే ఇత్తడి రేకులు అరిగిపోయి, ఇంజను నడుస్తుండగానే తాళంచెవి ఊడి చేతికి వచ్చేది. ఆపిన తర్వాత మళ్లీ తిప్పాలంటే చెవిని వెంట్రుకవాసి బయటికి లాగి, అటూ ఇటూ కదిపి, అదృష్టం బాగుంటే తిరిగేది. డూప్లికేటు చేయించి చూశాను. అరిగిన చెవిని చూసి కోసిన కొత్త చెవి ఆ అరుగుదలను కూడా అచ్చుగుద్దినట్టు తెస్తుంది కాబట్టి ప్రయోజనం కలగలేదు.

విప్పడం అనుకున్నంత కష్టం కాలేదు. బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, చెవిని ఆన్ స్థానంలో ఉంచి, కాలమ్ అడుగున ఉన్న చిన్న రంధ్రంలో మూడు మిల్లీమీటర్ల కడ్డీతో చీలను లోపలికి నొక్కితే, పాత సిలిండరు చెవితో పాటు జారి వచ్చింది. కొత్తదాన్ని కూడా అదే ఆన్ స్థానంలో పెట్టి, చీల నొక్కి పట్టుకుని తోశాను. టక్కుమన్న శబ్దం వినబడగానే పని అయిపోయిందనుకున్నాను.

వారం తిరగకుండానే తంటాలు మొదలయ్యాయి. చెవిని స్టార్ట్ వైపు తిప్పితే ఒక్కోసారి సెల్ఫ్ తీసుకునేది కాదు, కింద ఒక్క టిక్కుమనే శబ్దం మాత్రం వచ్చేది. ఇంకా బలంగా, చెవి వంగుతుందేమోనన్నంతగా నొక్కి తిప్పితే అప్పుడు మోటారు తిరిగేది. వదలగానే చెవి ఆన్‌కు వెనక్కి వచ్చినా, డాష్‌బోర్డు దీపాలు క్షణంపాటు ఆరిపోయేవి. కొత్తగా మార్చింది తాళమే కాబట్టి అనుమానమంతా తాళం మీదికే పోయింది.

ఇక్కడ ఊహలు పక్కన పెట్టి మల్టీమీటరు తీయడం నేను చేసిన మంచి పని. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే సొలినాయిడ్‌కు వెళ్లే సన్నని తీగ దగ్గర ఒక మొన పెట్టి, మరొకరిని చెవి తిప్పమన్నాను. బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు నిలిచి ఉంటే, సన్న తీగ దగ్గర 7.4 మాత్రమే కనిపించింది. అదే తీగకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇస్తే మోటారు తటాలున తిరిగింది. అంటే బ్యాటరీలోనూ సెల్ఫ్ మోటారులోనూ దోషం లేదు, మధ్యలో ఎక్కడో అయిదు వోల్టులు కరిగిపోతున్నాయి. క్లచ్ తొక్కితేనే సెల్ఫ్‌కు కరెంటు వదిలే సేఫ్టీ స్విచ్చి పాడైనా సెల్ఫ్ ఇలాగే మొరాయిస్తుంది కాబట్టి దాని రెండు తీగలను కలిపి చూశాను; మార్పు లేదు. మిగిలింది కాలమ్ మీది స్విచ్చి.

ఆ స్విచ్చిని రెండు స్క్రూలు పట్టి ఉంచుతాయి. స్క్రూలు వెళ్లే రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా ఉంటాయి. స్విచ్చిని కొద్దిగా పైకీ కిందికీ జరిపి సర్దుకోవడానికే ఆ ఏర్పాటు. బూజు తుడిచి చూస్తే, స్క్రూ తల పక్కన పెయింటు మీద ఒక పాత గీత, దానికి రెండు మిల్లీమీటర్ల అవతల ఇప్పటి స్థానం కనిపించాయి. నాకు ముందున్న వారెవరో పాత తాళం లూజుకు తగ్గట్టు స్విచ్చిని జరిపారు. అరిగిన సిలిండరు కడ్డీని ఎంత ఆలస్యంగా లాగేదో, అంత తేడాను స్విచ్చి దగ్గర సరిచేశారన్నమాట. ఇప్పుడు లూజు లేని కొత్త సిలిండరు వచ్చేసరికి ఆ సర్దుబాటే అడ్డమైంది. ఆ మొదటి మేస్త్రీని తప్పుపట్టలేను, చేతిలో ఉన్నదానితో బండి నడిపించాడు.

కనెక్టరు ఊడదీస్తే లోపల ఒక తీగ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు మాడి ఉంది. వదులైన టెర్మినల్ దగ్గర వేడి పుట్టి అలా కాలుతుంది, ఆ వేడికి పట్టు ఇంకా వదులవుతుంది. అందుకని స్విచ్చిని, ఆ టెర్మినల్‌ను కూడా మార్చాను. కొత్త స్విచ్చిలో కదిలే భాగాన్ని నిర్ణీత స్థానంలో పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ పిన్ను ఉంటుంది. చెవిని దానికి సరిపోయే స్థానంలో ఉంచి, కడ్డీ తగిలించి, స్క్రూలు బిగించిన తర్వాతనే ఆ పిన్ను లాగాలి. తొందరపడి నేను ముందే లాగేసి, మళ్లీ మొదటి నుంచి చేశాను. ఆఖరికి సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 10.6, సన్న తీగ దగ్గర 10.2 వచ్చాయి. అప్పటి నుంచి ఈ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా సెల్ఫ్ మొరాయించలేదు.

సిలిండరు విషయానికి వస్తే, రేకుల పట్టు ఇప్పటికీ గట్టిగా ఉంది. నడుస్తుండగా చెవిని లాగి చూస్తే కదలదు. రెండో ఏడు చెవి కాస్త బిరుసెక్కితే బుద్ధి గడ్డి తిని ఇంజనాయిలు చుక్క వేశాను. నెల రోజులు హాయిగా తిరిగి, తర్వాత దుమ్ము పట్టి లోపలంతా జిడ్డు ముద్దగా మారింది. కాంటాక్ట్ క్లీనరుతో కడిగి, గ్రాఫైట్ పొడి ఊదిన తర్వాత దారికి వచ్చింది. తాళాల గుత్తి మొత్తం ఈ చెవికే వేలాడదీసే అలవాటు కూడా మానుకున్నాను, ఎందుకంటే బండి కుదుపులకు ఆ బరువు రేకులను రాస్తూనే ఉంటుంది.

సిలిండరు ముఖం మీది క్రోమియం పూత మూడో ఏట పొక్కులు తేలింది. అది చూపుకే లోపం. రెండో చెవి మాత్రం మొదటి రోజు నుంచీ బరకగానే తిరిగేది, అంచుల మీద వేలు ఆనిస్తే కోసినప్పటి గరుకు తగిలేది. సన్నని ఆకురాయితో రెండు రుద్దులు రుద్దితే సరిపోయింది గానీ, ఆ పని తయారీదారు చేసి పంపవలసింది. పెట్టెలోని సూచనల కాగితంలో స్విచ్చి సర్దుబాటు ప్రస్తావనే లేకపోవడం అంతకంటే పెద్ద లోపం.

తలుపులకు పాత చెవి, ఇంజనుకు కొత్త చెవి కావడం ఇప్పటికీ చిరాకే. బిగించక ముందే సిలిండరును తాళాల పనివారికి ఇచ్చి ఉంటే, లోపలి రేకులు మార్చి తలుపు చెవికే తిరిగేలా చేసి ఉండేవారు. నాకు ఆ సంగతి బిగించిన తర్వాత తట్టింది. చీకట్లో బండి దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ మొదట తలుపులో దూర్చేది ఇంజను చెవినే.