పిల్లల అరల స్టీలు ప్లేటు: ప్లేటుకి నాలుగు స్టార్లు, ప్రకటనకి ఒకటే

ముందే చెప్పేస్తున్నా, ఈ ప్లేటు కొంటే పిల్లలు గబగబా తినేస్తారన్న ఆశతో అయితే కొనకండి. అమ్మే పేజీలో ఓ పాప బ్రకోలీ ముక్కలు నవ్వుతూ నోట్లో పెట్టుకుంటూ ఉంటుంది, పక్కన అమ్మానాన్నలు మురిసిపోతూ ఉంటారు, కింద ఇక మారాం ఉండదు అని రాసి ఉంటుంది. మా పాపకి మూడేళ్లు. బ్రకోలీ దాకా ఎందుకు, బీరకాయ కూర చూస్తేనే మొహం తిప్పేసుకుంటుంది. ప్లేటు వచ్చిన రోజు స్టీలులో తన మొహం చూసుకుని తెగ నవ్వుకుంది గానీ అన్నం మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. అయినా నాలుగు స్టార్లు ఇస్తున్నాను. స్టీలు సామానుగా ఇది మంచి సరుకే, పైగా మా ఇంట్లో భోజనాల పద్ధతి కాస్త మార్చుకోవడానికి మంచి సాకు అయింది.

మూడు అరలు ఉన్నాయి, ఒకటి పెద్దది, రెండు చిన్నవి. కింద బల్లకి అతుక్కుని ప్లేటు కదలకుండా పట్టే రబ్బరులాంటి సిలికాన్ రింగు, పైన మూత. అడుగున 304 గ్రేడ్ అని ముద్ర ఉంది. అంటే సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే రకం, పులిహోర, చింతపండు పులుసు లాంటివి పెట్టినా తట్టుకుంటుంది. ఇంకా చవగ్గా దొరికే 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు ఎక్కువ వేస్తారు, తుప్పు విషయంలో అది కాస్త వెనకే. కొందరు అయస్కాంతం పెట్టి చూపించి, చూడండి అతుక్కోలేదు, ఒరిజినల్ అని వీడియోలు చేస్తున్నారు, అవి నమ్మకండి, 202 కూడా మామూలుగా అయస్కాంతానికి అతుక్కోదు. అంచులు నున్నగా ఉన్నాయి, వేలికి ఎక్కడా గీరుకోదు. ఇంతకుముందు వాడిన బొమ్మల మెలమైన్ (గట్టి ప్లాస్టిక్ రకం) ప్లేటు పసుపు పట్టి పాడైపోయింది, పైగా మెలమైన్‌ని మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, మా ఇంట్లో ఎవరో ఒకరు మర్చిపోయి పెట్టేస్తూనే ఉండేవాళ్లు. స్టీలు పెట్టకూడదని మాత్రం అందరికీ తెలుసు, ఆ టెన్షన్ పోయింది.

ఒక ఇబ్బంది ఏంటంటే స్టీలు వేడిని వెంటనే పట్టేస్తుంది. పొగలు కక్కే అన్నం వేసి పెడితే పిల్ల చెయ్యి పెట్టగానే చురుక్కుమంటుంది, ఇక ఆ పూటకి తిండి సంగతి మర్చిపోవచ్చు. ఆర్చి వెయ్యాల్సిందే.

రింగు విషయానికొస్తే, నున్నటి గ్రానైట్ మీద, గాజు టేబుల్ మీద గట్టిగానే పట్టుకుంటుంది, కాస్త తడి చేసి నొక్కితే ఇంకా బాగా. చెక్క బల్ల మీద, గరుకు టైల్స్ మీద ఊడిపోతుంది. మేము రాత్రిపూట కింద చాప వేసుకుని అందరం కలిసి తింటాం, చాప మీద ఈ రింగు ఎందుకూ పనికిరాదు, అందుకే పాప ప్లేటు వరకు చాప అంచు దాటించి నేల మీద పెడతాం. ఇంకో విషయం, అంచు దగ్గర వేలు పెట్టి ఎత్తితే ఊడుతుందని పిల్లలకి తెలియడానికి ఎంతోసేపు పట్టదు, తెలిశాక అదో ఆట. ప్లేటు విసిరేసే వయసు పిల్లలకి విసరడం ఆలస్యం చేస్తుందంతే.

అరల గురించి మాత్రం మా అత్తయ్యకీ నాకూ పెద్ద చర్చే నడిచింది. "అన్నం ఒకచోట, పప్పు ఒకచోట, కూర ఒకచోట పెడితే అదేం భోజనం అమ్మాయ్, కలిపితేనే కదా రుచి" అంటారావిడ. కాదనలేం. వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి వేసి చేత్తో మెదిపి కలిపితే వచ్చే రుచి విడివిడిగా తింటే ఎక్కడొస్తుంది? కానీ పిల్లల వైపు నుంచి చూస్తే, కలిపేశాక అందులో ఏముందో వాళ్లకి తెలియదు. మా పాప ముద్దలో ఒక్క కరివేపాకు, ఒక్క పచ్చి కొత్తిమీర రెబ్బ తగిలినా మొత్తం ఉమ్మేస్తుంది, తర్వాత ముద్ద నోరు తెరిచి తీసుకోదు, అందులోనూ ఏదో ఉందనే అనుమానం. రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా కొత్త తిండి అంటే ఈ అనుమానం ఎక్కువగానే ఉంటుంది, మీ పిల్లలొక్కరికే కాదు. చివరికి అత్తయ్యా నేనూ మధ్యేమార్గం ఒకటి పట్టాం. పెద్ద అరలో పప్పన్నం ఆవిడ చేత్తోనే కలిపి పెడతారు. ఒక చిన్న అరలో తను కచ్చితంగా తినేది, అంటే పెరుగో, అప్పడమో, బంగాళాదుంప వేపుడో. రెండో చిన్న అరలో మేము తినే కూర ఏదుంటే అది, ఒక్క స్పూను. అంతకంటే ఎక్కువ వద్దు.

ఇక్కడే ఈ ప్లేటు తయారుచేసినవాళ్ల మీద నాకు కోపం. మధ్య గోడలు మరీ పొట్టి. మన ఇళ్లలో చారు, పప్పుచారు, మజ్జిగపులుసు లేని రోజు ఎక్కడుంటుంది? చారు కాస్త ఎక్కువైతే పొర్లి పెరుగు అరలోకి వెళ్లిపోతుంది, మా పాప లెక్కలో ఇక ఆ పెరుగు పాడైపోయినట్టే. చారుకి విడిగా చిన్న గిన్నె పెట్టుకోవాల్సి వస్తోంది. ఒక స్టారు కోసింది దీనికే. ఇంకోటి, ఖాళీ అర కనిపిస్తే పెద్దవాళ్ల చెయ్యి ఊరుకోదు. అరలన్నీ నింపేసి, మూడూ ఖాళీ చేస్తేనే బంగారు తల్లివి అంటే ఈ ప్లేటు కొత్తరకం శిక్ష అయిపోతుంది.

ఎలిన్ సాటర్ అని అమెరికాలో ఒక డైటీషియన్, పిల్లల తిండి విషయంలో పనిని రెండుగా పంచారావిడ. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నది పెద్దవాళ్ల పని. పెట్టినదాంట్లో ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల పని. చదివితే ఇంతేనా అనిపిస్తుంది. నాయనమ్మ, తాతయ్య ఉన్న ఇంట్లో చేసి చూడండి, అప్పుడు తెలుస్తుంది. ఇది అమ్మ ముద్ద, ఇది తాతయ్య ముద్ద అంటూ వెనకాల తిరిగి తినిపించిన ముద్దలే లెక్కలోకి వస్తాయి మనకి, పిల్ల తన చేత్తో తిన్న నాలుగు మెతుకులు తిండే కాదు. ఫోను చూపిస్తే గిన్నె ఖాళీ అవుతుంది, నిజమే, కానీ ఏం తింటోందో, కడుపు నిండిందో లేదో పిల్లకి తెలియదు. మా మామయ్యగారు అయితే "పిల్ల ఖాళీ కడుపుతో పడుకుంటే నాకు నిద్ర పట్టదమ్మా" అని తేల్చేశారు. అందుకే ఆ ఇష్టమైన అర. అందులో తను తినేది ఒకటి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పస్తు పడుకోదు, కాబట్టి భోజనం అయ్యాక విడిగా దోసె పోయడం, బిస్కెట్ ప్యాకెట్ విప్పడం లేదు. దీనికి ఆయన ఒప్పుకున్నారు, కాస్త గొణుగుతూనే.

పిల్లలు ఏడాది దాటాక సడన్‌గా తినడం మానేశారని భయపడేవాళ్లు చాలామంది ఉంటారు. పుట్టినప్పటి బరువుకి మొదటి పుట్టినరోజుకల్లా దాదాపు మూడింతలు అవుతారు, రెండో ఏడాదిలో మాత్రం పెరిగేది సుమారు 2 నుంచి 3 కిలోలే. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. ఈ మాట తెలిశాక ఇంట్లో సగం గొడవ తగ్గింది. ఇంకో పెద్ద కారణం పాలు. అన్నం తినలేదు కదా, పాలైనా తాగనీ అని గ్లాసు మీద గ్లాసు ఇస్తుంటే ఇక అన్నానికి చోటెక్కడ? ఈ వయసులో రోజుకి అర లీటరు దాటకుండా చూసుకోమంటారు, పాలు ఎక్కువై తిండి తగ్గితే ఐరన్ తగ్గుతుంది, ఐరన్ తగ్గితే మళ్లీ ఆకలి తగ్గుతుంది. పాలలో కలిపే తియ్యటి పొడుల సంగతి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది, 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ సైట్లకి ఆ తరహా డ్రింకుల్ని హెల్త్ డ్రింక్స్ విభాగంలోంచి తీసెయ్యమని చెప్పింది కూడా. అయినా డబ్బా మీద పొడుగ్గా ఎదిగిన పిల్లాడి బొమ్మ చూడగానే మనసు లాగుతుంది, ఏం చేస్తాం.

ఇక కొత్త కూర అర. ఒక కొత్త రుచి పిల్లలకి అలవాటు కావాలంటే 8 నుంచి 15 సార్లు దాకా పెట్టాల్సి రావచ్చంటారు. మనం రెండుసార్లు పెట్టి, మా పిల్లకి పడదు అని ఊరంతా చెప్పేస్తాం, అదీ పిల్ల ముందే. మా ఇంట్లో దొండకాయ వేపుడుతో జరిగింది చెప్తా. మొదట వేలితో తోసేసింది. తర్వాత వాసన చూసింది. ఓ రోజు నాలుకతో తాకించి ఛీ అంది, మేమెవ్వరం ఏమీ అనలేదు, మా ఆయన మాత్రం కరకరలాడే ముక్క ఒకటి తీసి చప్పుడు చేస్తూ తిన్నారు. ఆ చప్పుడు కోసం పాప కూడా ఒకటి తీసుకుంది. ఇప్పుడు బాగా వేగిన ముక్కలు ఏరుకుని తింటుంది, మెత్తగా ఉన్నవి ముట్టుకోదు. వంకాయ ఇప్పటికీ ససేమిరా, దాని మీద నాకు పెద్ద ఆశ కూడా లేదు. గమనించింది ఏంటంటే, తను ఒక్కతే ముందుగా తిన్న పూట ఆ అరని కనీసం చూడదు. అందరం అదే కూర తింటూ కబుర్లు చెప్పుకుంటున్నప్పుడే చెయ్యి అటు వెళుతుంది. కాబట్టి పాపకి ఏడింటికి, పెద్దవాళ్లకి తొమ్మిదింటికి భోజనం అయ్యే ఇళ్లలో ఏ ప్లేటు కొన్నా ఒకటే.

చిన్న ముక్కలు అరలో పెట్టాలనుకునేవాళ్లకి ఒక జాగ్రత్త. వేరుశెనగ గింజలు, కోయని ద్రాక్షపళ్లు ఈ వయసుకి వద్దు, గొంతుకి అడ్డం పడతాయి. ద్రాక్ష అయితే నిలువుగా కోసి ఇవ్వండి, పల్లీలు పొడి చేసి కలపండి. అలాగే బరువు ఆగిపోవడం లేదా తగ్గడం, ప్రతిసారీ ముక్కలు మింగలేక కక్కుకోవడం, వేళ్ల మీద లెక్కపెట్టే రకాలు తప్ప ఇంకేమీ తినకపోవడం, తినేవి కూడా ఒక్కొక్కటే మానేస్తూ రావడం ఉంటే దాన్ని మారాం అనుకోకుండా పిల్లల డాక్టరుకి చూపించండి. మిగతావాళ్లు చుట్టాలు ఎవరో పిల్ల సన్నబడిందేంటమ్మా అన్నారని కంగారు పడక, టీకాల కార్డులో ఉండే బరువు గ్రాఫ్ తీసి చూసుకోండి.

కడగడం సులువే, స్టీలు కదా. రింగు మాత్రం రోజూ ఊడదీసి కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టాలి, లేదంటే దాని గాడిలో నీళ్లు నిలిచి నల్లమచ్చలు, వాసన వస్తాయి. మూత బిగుతుగా లేదు, ప్లే స్కూల్‌కి బాక్సులా పంపిద్దామనుకుంటే కుదరదు, బ్యాగంతా పప్పే. రింగు విడిగా అమ్ముతారా అని అడిగితే లేదు, కొత్త ప్లేటే తీసుకోవాలి అన్నారు, 849 రూపాయలు పెట్టి కొన్నాక ఆ మాట వింటే కాస్త కాలుతుంది. ప్లేటు విసిరే వయసు దాటిన పిల్లలుంటే ఈ రింగు, ఈ మూత ఏవీ అవసరం లేదు. మీ ఊళ్లో స్టీలు సామాన్ల కొట్టుకెళ్లి, మధ్య గోడలు వేలెడు ఎత్తున్న మామూలు అరల ప్లేటు చూసి తీసుకోండి, చాలా తక్కువలో వస్తుంది, చారు కూడా పొర్లదు.