తొమ్మిది వందల ఆర్కిడ్: మొక్క భేష్, కుండీ దండగ

పోయిన ఏడాది సంక్రాంతి ముందు కూకట్‌పల్లిలో ఒక మొక్కల దుకాణంలో ఫాలనాప్సిస్ ఆర్కిడ్ కొన్నాను. తెల్ల రేకుల మీద ఊదా చారలు. సెరామిక్ కుండీతో కలిపి 900 రూపాయలు. పూలతో కళకళలాడుతున్నప్పుడు ఎవరైనా ఐదు స్టార్లు ఇచ్చేస్తారు. ఎండాకాలం, వానాకాలం గడిచి, రెండోసారి పూశాక రాస్తున్న రివ్యూ ఇది.

మొక్క గురించి వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆకులు మందంగా, గట్టిగా ఉన్నాయి, పురుగూ పుట్రా లేదు. పూలకాడకు చిన్న కర్ర కట్టి, పూలు నలగకుండా కాగితం చుట్టి ఇచ్చారు. కారులో తెచ్చినా ఒక్క మొగ్గ రాలలేదు. పూలు ఉగాది దాటేదాకా నిలిచాయి. వారం వారం గులాబీల కట్ట కొనేవాళ్లు లెక్క వేసుకుంటే ఇది చవక బేరమే. మా అత్తగారు మాత్రం ఒప్పుకోలేదు. "వాసన లేదు, కోసి దేవుడికి పెడదామంటే నువ్వు పెట్టనివ్వవు, దీనికి తొమ్మిది వందలా?" అన్నారు. వాసన మాట నిజమే. దుకాణాల్లో దొరికే ఈ హైబ్రిడ్లలో చాలావాటికి పరిమళం ఉండదు. సువాసన కోసమైతే మల్లె కొనుక్కోండి.

నా గొడవంతా కుండీతోనే. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ అడుగున చిల్లు లేదు. లోపల పల్చటి ప్లాస్టిక్ కప్పు, అందులో వేళ్ల చుట్టూ మట్టికి బదులు నాచు (మాస్) గట్టిగా కుక్కి ఉంది. పోసిన నీళ్లు కుండీ అడుగున నిలుస్తాయి, నాచు పీల్చుకుంటూనే ఉంటుంది, పైన చూస్తే పొడిగా కనిపిస్తుంది. పొడిగా ఉంది కదా అని మళ్లీ పోస్తాం. ఆర్కిడ్లు నీళ్లు లేక చచ్చేదానికంటే ఇలా కుళ్లి చచ్చేదే ఎక్కువ. ఎందుకంటే ఫాలనాప్సిస్ అడవిలో మట్టిలో పెరగదు. చెట్ల కొమ్మలను పట్టుకుని, వేళ్లను గాలికి వదిలి బతుకుతుంది. వాన పడితే తడుస్తుంది, గంటల్లో ఆరుతుంది. అలాంటి వేళ్లను తడి నాచులో బిగించి, చిల్లు లేని కుండీలో దింపి అమ్మడం ఏం న్యాయమో!

పైగా కుండీతో పాటు ఒక కార్డు ఇచ్చారు: వారానికి ఒకసారి అర గ్లాసు నీళ్లు. హైదరాబాదులో మే నెల, ఆగస్టు ఒకటేనా? మేలో వడగాలికి మూడు రోజుల్లో ఎండిపోయేది, ముసురు పట్టిందంటే పది రోజులైనా ఆరదు. క్యాలెండర్ పక్కన పెట్టి వేళ్లను చూడండి. ఎండిన వేరు వెండి రంగులో, బూడిద పూసినట్టు ఉంటుంది. నీళ్లు తగలగానే కళ్లముందే పచ్చబడుతుంది. వేరు మీదుండే తెల్లటి పొర స్పాంజిలా నీళ్లు పీల్చుకుంటుంది, తడిశాక పారదర్శకమై లోపలి పచ్చదనం బయటపడుతుంది. వేళ్లు వెండిగా మారితే నీళ్లు పోయాలి, పచ్చగా ఉంటే ముట్టుకోకూడదు. నొక్కితే మెత్తగా, గోధుమ రంగులో ఉన్నది కుళ్లిన వేరు, కత్తిరించేయాలి.

వేళ్ల రంగు కనపడాలంటే కుండీ పారదర్శకంగా ఉండాలి. పూలు అయిపోగానే నాచంతా తీసేసి, ఐస్‌క్రీమ్ డబ్బాకు కాల్చిన మేకుతో చుట్టూ, అడుగున చిల్లులు పెట్టి అందులోకి మార్చాను. కొబ్బరి డొక్కను చిన్న ముక్కలు చేసి, నీళ్లు మారుస్తూ రెండు రోజులు నానబెట్టాలి, లేకపోతే అందులోని ఉప్పు వేళ్లకు తగులుతుంది. నాచుకు బదులు సగం అది, సగం బొగ్గులు నింపాను. బొగ్గులు మా వీధి ఇస్త్రీ బండి అతను ఊరికే ఇచ్చాడు. సెరామిక్ కుండీలో ఇప్పుడు గరిటెలు ఉన్నాయి.

నీళ్లు పొద్దున్నే, సింకులో పెట్టి డబ్బా కింద నుంచి ధారగా కారేదాకా పోస్తాను. పూర్తిగా ఓడ్చాకే మళ్లీ కిటికీ దగ్గరికి. దుకాణానికి ఫోన్ చేసి అడిగితే "రోజూ ఆకుల మీద స్ప్రే కొట్టండి మేడమ్" అన్నారు. దయచేసి కొట్టకండి. ఆకుల నడిమి గుంటలో నీళ్లు నిలిస్తే మొవ్వు కుళ్లుతుంది, ఈ మొక్కకు పక్కనుంచి ఇంకో మొవ్వు రావడం అరుదు. పొరపాటున పడితే టిష్యూ పేపర్‌తో అద్దేయాలి. పొడి గాలి టెన్షన్ ఉంటే పళ్లెంలో గులకరాళ్లు, కొంచెం నీళ్లు పోసి, ఆ రాళ్ల మీద డబ్బా పెడితే సరి.

ఏ నీళ్లన్నది ఇంకో సంగతి. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లకు బకెట్లే తెల్లబడతాయి, వేళ్ల కొసలు మాడిపోకుండా ఎలా ఉంటాయి? వాన నీళ్లు పట్టుకుంటే అంతకు మించింది లేదు. లేదంటే తాగే ఆర్‌ఓ నీళ్లు వాడొచ్చు. ఆర్‌ఓ మెషిన్ నుంచి వృథాగా పోయే నీళ్లను మాత్రం దీనికి పోయొద్దు. లవణాలన్నీ చేరేది అందులోనే. ఎరువు 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది), లీటరుకు చిటికెడు, కొత్త ఆకో వేరో వస్తున్నప్పుడే. మధ్యమధ్యలో ఉత్త నీళ్లతో బాగా కడగాలి.

తూర్పు కిటికీ పొద్దుటెండ చాలు, మధ్యాహ్నపు ఎండ పడితే ఆకు కాలిపోతుంది. ఆకులు మరీ ముదురు పచ్చగా ఉంటే వెలుగు చాలట్లేదని అర్థం, అప్పుడు పూలు రావు. మళ్లీ పూయాలంటే కొన్ని వారాల పాటు రాత్రుళ్లు చల్లబడాలి. హైదరాబాదులో ఆ చలి కార్తీకంలో దానంతటదే దొరుకుతుంది, కిటికీ తీసి ఉంచితే చాలు. నాకు కొత్త కాడ అప్పుడే వచ్చింది. ముందు వేరేమో అనుకున్నాం, కానీ వేరు కొస నున్నగా గుండ్రంగా ఉంటుంది, దీని కొస చదునుగా, ఒక పక్కకు చీలినట్టు ఉంది.

రాజమండ్రిలో ఉండే మా చెల్లెలు కడియం నర్సరీల్లో డెండ్రోబియం అనే ఇంకో రకం ఆర్కిడ్ హైబ్రిడ్ కొంది. ఎక్కువ ఎండ ఓర్చుకుంటుంది, గోదావరి వైపు గాలిలో తేమ ఉంటుంది కాబట్టి నీళ్ల లెక్కలూ తక్కువ. కోస్తాలో బాల్కనీ ఉన్నవాళ్లకు అదే నయం. ఫ్లాట్‌లో, కిటికీ వెలుతురులో పెంచాలంటే ఫాలనాప్సిస్.

ఇంకో ఫిర్యాదు: లేబుల్ మీద "ఆర్కిడ్ హైబ్రిడ్" అని తప్ప ఇంకేం లేదు. ఆర్కిడ్ సంకరాలను పేరుతో, తల్లిదండ్రులతో సహా నమోదు చేసే రిజిస్టరు ఇంగ్లండులోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ దగ్గర ఉంది. అంత చరిత్ర ఉన్న మొక్కకు ఇంటిపేరైనా రాయరా?

మొక్కకు నాలుగున్నర, కుండీకి సున్నా, ఫోన్ సలహాకు ఒకటి. మళ్లీ అక్కడే కొంటాను. కొనే ముందు ప్లాస్టిక్ కప్పు పైకి తీసి వేళ్లు చూపించమంటాను, సెరామిక్ కుండీ మీరే ఉంచుకుని 150 తగ్గించండి అంటాను.