పైడబ్‌తో వాల్యూమ్ మార్చడం: పని ఒక్క లైనే, పీక్ మాత్రం ముందే చూసుకోవాలి

పైథాన్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి ఆడియోతో పని చేయాలంటే మొదట చెప్పాల్సిన లైబ్రరీ పైడబ్. ఫైల్‌ని ఆడియోసెగ్మెంట్‌గా తెరిచి, దానికి 6 కలిపితే వాల్యూమ్ 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 3 తీసేస్తే 3 తగ్గుతుంది. కూడిక, తీసివేత గుర్తులతోనే పని జరిగిపోవడం నిజంగా గొప్ప సౌకర్యం. అయితే అసలు సెగ్మెంట్ మారదు, కొత్తది తయారవుతుంది. దాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టుకోకపోతే ఎక్స్‌పోర్ట్ అయ్యేది పాత సౌండే.

అసలు జాగ్రత్త పడాల్సింది పెంచేటప్పుడు. 16 బిట్ ఆడియోలో ఒక్కో శాంపిల్, అంటే ఒక్కో క్షణంలో అల ఎత్తు, -32768 నుంచి 32767 లోపు ఉండే అంకె. 6 డెసిబెల్స్ అంటే దాదాపు రెట్టింపు. 12000 ఉన్న శాంపిల్ 24000 దగ్గరికి హాయిగా వెళ్తుంది. 20000 ఉన్నది 40000 దాకా పోవాలి, అంత చోటు లేదు. పైడబ్ దాన్ని 32767 దగ్గర కోసేస్తుంది. అలల కొసలు చదునై సౌండ్ బరబరమంటుంది. ఎర్రర్ రాదు, వార్నింగూ రాదు. తర్వాత 6 తగ్గించినా పోయిన కొసలు తిరిగి రావు. సీ భాషలో సొంతంగా రెండుతో గుణించి 16 బిట్లలోనే దాచుకుంటే ఇంకా ఘోరం: సాధారణంగా 40000 కాస్తా -25536 అయి టప్‌టప్‌మంటుంది. ఆ మేరకు పైడబ్ నయమే.

అందుకే ముందు మ్యాక్స్ డీబీఎఫ్ఎస్ విలువ ప్రింట్ చేసి చూడండి. క్లిప్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోటు, అంటే పీక్, పై హద్దుకి ఎన్ని డెసిబెల్స్ కింద ఉందో అది చెప్తుంది; ఆ హద్దు 0. -4.2 వస్తే, పీక్‌ని -1 దగ్గర ఆపడానికి కలపాల్సింది 3.2 మాత్రమే. నార్మలైజ్ ఫంక్షన్ ఈ లెక్క తనే వేస్తుంది, కానీ అది వదిలే ఖాళీ 0.1 డెసిబెలే. ఎంపీ3గా మార్చేటప్పుడు పీక్‌లు కాస్త పైకి జరగొచ్చు కాబట్టి హెడ్‌రూమ్ (పైన వదిలే ఖాళీ) 1 ఇవ్వడం మేలు. ఉత్త డీబీఎఫ్ఎస్ వేరే సంగతి. అది సగటు స్థాయి, నాలుగైదు క్లిప్పుల్ని ఒకే మోతకి తేవడానికి వాడాలి. పూర్తిగా నిశ్శబ్దంగా ఉన్న క్లిప్‌కి మైనస్ ఇన్ఫినిటీ వస్తుంది, దాన్ని ముందే పక్కన పెట్టండి.

ఇన్‌స్టాల్ దగ్గర రెండు చిక్కులున్నాయి. ఎంపీ3 తెరవాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఆడియో, వీడియో మార్పిడి ప్రోగ్రామ్ విడిగా ఉండాలి, వేవ్‌కి అక్కర్లేదు. రెండోది, పైడబ్ ఆధారపడే ఆడియోఆప్ మాడ్యూల్‌ని పైథాన్ 3.13లో తీసేశారు. ఇంపోర్ట్ చేయగానే ‘పైఆడియోఆప్ లేదు’ అని ఎర్రర్ వస్తే ఆ పేరు వెతకొద్దు, ఆడియోఆప్-ఎల్‌టీఎస్ ప్యాకేజీ వేసుకోండి.

ఎక్స్‌పోర్ట్‌లో ఫార్మాట్ చెప్పకపోతే ఎంపీ3 అనే అనుకుంటుంది. ఫైల్ పేరు చివర వేవ్ అని పెట్టినా లోపల ఉండేది ఎంపీ3యే. ఫార్మాట్ ప్రతిసారీ రాయండి.

చిన్న క్లిప్పుల విషయంలో పైడబ్‌కి వంక పెట్టలేం. ఫైల్ మొత్తాన్ని మెమరీలోకి లాగడమే దీని పెద్ద లోపం: 44100 హెర్ట్జ్ 16 బిట్ స్టీరియో గంటసేపుంటే సుమారు 635 మెగాబైట్లు, వాల్యూమ్ మార్చగానే ఇంకో అంత. అంత పొడవైన రికార్డింగ్‌లకి నేరుగా ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని వాల్యూమ్ ఫిల్టరే వాడండి.