గాబ్లిన్‌తో మా బావ బేరం: డీ అండ్ డీ స్టార్టర్ సెట్ చాన్నాళ్లు ఆడినాక

డంజన్స్ అండ్ డ్రాగన్స్, పొట్టిగా డీ అండ్ డీ, అంటే ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్రగా నోటితో ఆడే ఆట, పని జరిగిందా లేదా డైస్ తేలుస్తాది. 20 ముఖాల ఆ డైస్ ఎట్టా వెయ్యాలో ఇక్కడ మళ్లీ చెప్పను, యూట్యూబ్‌లో కావాల్సినంత ఉండాది. నేను చెప్పేది 2014లో వచ్చిన స్టార్టర్ సెట్ గురించి. కావలిలో మా మిద్దె మీద చానా కాలంగా ఆడతా ఉన్నాం. మా అక్క మొగుడు అంటే మా బావ, మేనకోడలు, ఇద్దరు ఫ్రెండ్స్ ఆడతారు, కథ నడిపి, శత్రువుల మాటలు కూడా పలికే డీఎం నేను.

ఈ ఆటలో నాకు పిచ్చెక్కినట్టు నచ్చింది ఒక్కటే, శత్రువుతో మాట్లాడొచ్చు. వీడియో గేముల్లో కూడా మాట్లాడొచ్చు కదా అంటారు. అక్కడ స్క్రీన్ మీద నాలుగు ఆప్షన్లు ఇస్తాడు, అయిదోది నీకు తోచినా లోపలే మింగెయ్యాల. ఇక్కడ నోటికొచ్చింది అను, అవతలోడు దానికి జవాబు చెప్పి తీరాల్సిందే.

ఆడబోయేవాళ్లుంటే కింద రెండు పేరాలు దాటెయ్యండి, కథ చెప్పేస్తున్నా.

మా బావది అల్లూరు పక్క రొయ్యల కమీషన్ వ్యాపారం. ఫాంటసీ గీంటసీ ఆయనకి పట్టదు, ఒక ఫ్రెండు రాలేదని ఆ ఖాళీలో కూచోబెట్టాం. అప్పుడు గుంటల్లో రొయ్యలకి వైట్ స్పాట్ వైరస్ వచ్చి ఆయన ఫోను ఒకటే మోత, మనిషి కూచున్నాడే గానీ ధ్యాస ఇక్కడ లేదు. డ్వార్ఫ్ క్లెరిక్, అంటే పొట్టి జాతి పూజారి, ఆ పాత్ర వివరాల షీటు చేతికిస్తే ఏదో కరెంటు బిల్లు చూసినట్టు చూసి పక్కన పెట్టినాడు. దారిలో గాబ్లిన్లు అనే పొట్టి రాక్షసులు కాపు కాసి బాణాలేసే మొదటి ఫైటు ఉంటది కదా, ఒక్కో బాణం తగిల్తే 3 నుంచి 8 ప్రాణం పాయింట్లు పోతాయి, లెవెల్ 1లో అది చిన్న దెబ్బ కాదు, మా మేనకోడలి విజార్డు, అంటే మంత్రగత్తె పాత్ర, అక్కడే పడిపోయింది, అప్పుడు కూడా ఈయన డైస్ వెయ్యమంటే వేసి మళ్లీ ఫోన్ చూసుకుంటున్నాడు. తర్వాత గుహలోకి పోయాం. అక్కడ యీమిక్ అనే గాబ్లిన్, సిల్డార్ అనే మనిషిని కొట్టి కట్టేసి, 10 అడుగుల గట్టు అంచుకి ఈడ్చుకొచ్చి, ముందుకొస్తే వీణ్ణి చంపేస్తా అంటాడు. వాడి పైన క్లార్గ్ అని ఒక నాయకుడుంటాడు, వాడి తల తెస్తే ఈ మనిషిని వదుల్తానని బేరం. నేను ఆ గాబ్లిన్‌ని మనూరి యాసలోనే దించినా, "ఏందబ్బా, తల తెస్తారా తేరా, నాకు యాళవతాంది" అని. బావ ఫోన్ బోర్లా పెట్టినాడు.

"తల సంగతి తర్వాత, ముందు శాంపిల్ చూపీ" అన్నాడు. శాంపిలేంది బావా అంటే, "ఆ మనిషి బతికుండాడో లేడో నాకెట్టా తెలుస్తాది? 30 కౌంట్ అని నమ్మబలికి వల ఏస్తే 50 కౌంట్ వచ్చిన గుంటలు ఎన్ని చూళ్లేదు." కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్, కౌంట్ పెరిగే కొద్దీ రేటు పడిపోద్ది, ఆ లెక్క గాబ్లిన్‌కి విడమర్చి చెప్పినాడు. గాబ్లిన్‌గా నేను సిల్డార్ చేత రెండు మాటలు పలికించాల్సొచ్చింది. ఆ తర్వాత, మేం క్లార్గ్ మీదకి పోయొచ్చే దాకా నీ మనిషినొకణ్ణి మా కాడ ఉంచు అన్నాడు. పుస్తకంలో ఇది ఎక్కడా లేదు. సరే అవతలోణ్ణి ఒప్పించగలడో లేదో తేల్చే పర్సువేషన్ రోల్ వెయ్యమన్నా, 15 దాటాలన్నా, 17 పడింది, ఒక గాబ్లిన్‌ని అప్పగించినా. అసలు మజా ఏందంటే పుస్తకం ప్రకారం యీమిక్ మాట మీద నిలబడడు, తల తెచ్చినాక ఇంకా డబ్బులు కావాలని అడ్డం తిరుగుతాడు. నేను అక్కడిదాకా రాకముందే బావ మా మేనకోడలితో చెప్తున్నాడు, "వీడు మాట తప్పుతాడు పాపా, మీ మామ మొహం చూడు, తెలీడంలా?" అని. ఆ రాత్రి ఆట అయిపోయేదాకా ఆయన ఫోన్ తిప్పి చూళ్లా. ఇంటి గొడవలు మర్చిపోడానికి ఇట్టాంటి ఆటలు అంటారు గానీ, ఈయన ఏదీ మర్చిపోలా, గుంట గట్టు మీద చేసే పనే ఆ గుహలోనూ చేసినాడు. కాకపోతే అక్కడ వైరస్ లేదు.

ఇంత పొగిడినా కదా, ఆ మాటలాడుకునే సుఖం మొత్తం బాక్సు లోపలే ఉంటదనుకోవద్దు. అందులో ఉండేది 32 పేజీల రూల్స్, 64 పేజీల కథ, ముందే రాసిన 5 క్యారెక్టర్ షీట్లు, ఒక్క సెట్టు డైస్. ఒక్క సెట్టంటే 20 ముఖాలది ఒక్కటే, అందరి చేతులూ మారతా ఉంటది, మిద్దె మీద గాలికి దొర్లి తూములోకి పోయిందంటే అందరం టార్చిలైట్లు పట్టుకోవాల. బొమ్మలు రావు. మేం క్యారమ్స్ కాయిన్లు పెట్టుకుంటాం, నల్లవి గాబ్లిన్లు, రెడ్ క్లార్గ్. కథంతా ఇంగ్లీషులో ఉంటది కాబట్టి ఆదివారం ఆటంటే శనివారం రాత్రి నేను చదువుకోని, పేర్లు గుర్తుపెట్టుకోని, తెలుగులో ఎట్టా చెప్పాలో అనుకోవాల, ఇది ఎవురూ చెప్పని బరువు. డీఎంకి ఓపిక లేని రోజు ఆట సప్పగా ఉంటది, బావ బేరానికి దిగినా అవతల గాబ్లిన్ ఊ, ఊహూ అంటాడు అంతే.

ఇంకోటి, కథ చివర్లో ఒక గని దగ్గరికొచ్చేసరికి జాంబీలు, గూల్స్ లాంటి నడిచే శవాలు ఎక్కువైపోయి బేరానికొచ్చే మొహాలు తగ్గిపోతాయి. బావ అక్కడ ఆసక్తి వదిలేసినాడు, "ఊరికే కొట్టుకునేదానికి నేనెందుకబ్బయా" అని. ఫైట్లంటే చెవి కోసుకునే మా ఫ్రెండ్స్‌కి మటుకు అదే బాగుంది, వాళ్లనడిగితే ఈ సమీక్ష ఇంకోలా ఉండేది. పచ్చ డ్రాగన్ ఒకటుంది, సగం పాయింట్లు పోగానే ఎగిరి పారిపోద్ది, దాంతో కూడా మాట్లాడొచ్చు, కానీ దాన్ని ఎదురుగా పెట్టుకోని కౌంట్ లెక్క చెప్పే ధైర్యం మా బావకి కూడా రాలా.

కొనాలా అంటే ఏం చెప్పేది. పక్కన నోరున్న మనుషులు ఇద్దరు ముగ్గురు, చదివి చెప్పే ఓపిక ఉండే ఒకరు ఉంటే బాగుంటది. పట్టుబడుల సీజన్లో బావ రాడు, మేనకోడలు ఇంటర్‌కి విజయవాడ హాస్టల్‌కి పోయింది, కాబట్టి ఇప్పుడు మాది సెలవుల ఆట. అసలు రూల్స్ ఫ్రీగా పీడీఎఫ్ దొరుకుతాయి, ముందు అవి దించుకోని ఒక ఆదివారం ఆడి చూడండి, డైస్ లేకపోయినా 1 నుంచి 20 దాకా ఒక నంబరు తీసే యాప్‌తో సరిపెట్టుకోవచ్చు. మా బావ మటుకు యాప్‌ని ఒప్పుకోడు, తూకం కళ్ల ముందర జరగాల అంటాడు.