కూలి ఇంటికి 5 కిలోల గ్యాస్ బండ: ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ తంటా వస్తుంది

పెద్ద బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో 50 రూపాయలు పెరిగాక హైదరాబాద్‌లో దాని ధర 905 అయింది. నెల జీతం వచ్చే ఇంట్లో ఈ ఖర్చు ఎలాగో సర్దుకుంటుంది. ఏ రోజు కూలి ఆ రోజు బియ్యానికీ నూనెకీ సరిపోయే ఇంట్లో అంత మొత్తం ఒక్కసారిగా తీయడమే కష్టం. పేద ఇళ్ల మహిళలకు కేంద్రం ఇచ్చే ఉజ్వల కనెక్షన్‌కు 300 రాయితీ ఉంది, నిజమే. కానీ ముందు పూర్తి ధర కట్టాలి, రాయితీ తర్వాత ఖాతాలో పడుతుంది. తెలంగాణలో 500 రూపాయల సిలిండర్‌దీ ఇదే వరస. బండ అయిపోయిన పూట చేతిలో 900 లేకపోతే మళ్లీ కట్టెల పొయ్యి వెలిగించాల్సిందే.

అలాంటి ఇంటికి చిన్న బండే మేలు. పెద్ద బండ ధరను కిలో లెక్కన చూస్తే 5 కిలోలకు 320 రూపాయల దగ్గర తేలుతుంది. రోజుకు 300 గ్రాములు కాలిస్తే 16 రోజులు వస్తుంది. ఉజ్వలలో రెండు చిన్న బండల కనెక్షన్ అడగొచ్చు, అప్పుడు ఒకటి ఖాళీ అయినా వంట ఆగదు. రాయితీ కూడా బరువును బట్టి వస్తుంది: 5 కిలోలకు సుమారు 105 రూపాయలు.

ఒక్క జాగ్రత్త. చిరునామా రుజువు లేకుండా బయట అమ్మే 5 కిలోల బండ వేరు, దానికి రాయితీ లేదు, ధరా ఎక్కువ. అద్దె గదుల్లో ఉండే వలస కుటుంబాలకు అదొక్కటే దిక్కు కాదు, ఉజ్వలలో చిరునామా రుజువు బదులు స్వీయ ప్రకటన పత్రం ఇవ్వొచ్చు. ఇక పెద్ద బండలోంచి చిన్నదానిలోకి రోడ్డు పక్కన నింపే గ్యాస్ జోలికి అసలు పోవద్దు. బండలో గ్యాస్ ద్రవంగా ఉంటుంది, ఎండకు అది వ్యాకోచిస్తుంది, అందుకే బండ పైభాగంలో ఖాళీ వదలాలి. అక్కడ ఆ కొలత ఎవరూ చూడరు.

రాయితీ పడకపోతే ముందు ఈకేవైసీ (ఆధార్‌తో మీ వివరాలు సరిచూడటం) అయిందో లేదో చూసుకోండి. అది సరిగానే ఉంటే, ఆధార్ చివరగా ఏ బ్యాంకు ఖాతాకు ముడిపడిందో అడగండి. డబ్బు పాత ఖాతాలో కాకుండా అందులో పడి ఉండొచ్చు.

బండ తీసుకునేటప్పుడు సీలు చూసి, తూకం వేయించండి. ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది, దానికి 5 కిలోలు కలిపితే సరిపోవాలి. వాల్వులోని రబ్బరు వాషరు అరిగితే గ్యాస్ కారుతుంది. సబ్బు నీళ్లు పోసి బుడగలొస్తే, ఆ బండ వెనక్కి ఇచ్చేయండి.