రైడ్లు నాలుగు, ఫోటోలు మూడు వేలు

పెళ్ళై పదేళ్ళైంది, ఈసారి దేశం దాటి ఎక్కడికైనా వెళ్దామన్నాను. మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది. "ఎక్కడికైనా సరే, నన్ను ఫోటోలు తీసుకోనివ్వాలి. తొందర పెట్టకూడదు." పదేళ్ళుగా నేను చేస్తున్నది అదే కాబట్టి నోరు మూసుకున్నాను. పేరుకి ఇద్దరి ప్రయాణమే గానీ, ఆమెది కెమెరా, నాది బ్యాగు.

మేం ఎంచుకున్నది టోక్యో డిస్నీసీ. పిల్లల్లేకుండా డిస్నీకేమిటని మా బావమరిది నవ్వాడు. అతనికి తెలియని సంగతేమిటంటే, ఇది పక్కనున్న టోక్యో డిస్నీల్యాండ్ లాంటిది కాదు. డిస్నీల్యాండ్ 1983లో వచ్చింది, అందులో సిండరెల్లా కోట, పిల్లల సందడి ఉంటాయి. డిస్నీసీ 2001 సెప్టెంబర్ 4న తెరిచారు. ఓడరేవుల చుట్టూ కట్టిన పార్కు, ఇలాంటిది ప్రపంచంలో ఇంకో చోట లేదు. రెండూ నడిపేది డిస్నీ కాదు, లైసెన్స్ తీసుకున్న ఓరియంటల్ ల్యాండ్ అనే జపాన్ కంపెనీ. ఆ సంగతి లోపలికి వెళ్ళాక గోడల్ని చూస్తే అర్థమవుతుంది. పాతికేళ్ళ నాటి ప్లాస్టరింగ్‌లో పగుళ్ళు కూడా కావాలని వేసినవే, కావాలని తుప్పు పట్టించిన ఇనుమే. దగ్గరికి వెళ్ళి మాక్రో ఫోటో తీసినా దొంగతనం దొరకదు.

డిసెంబర్ మొదటి వారం ఎందుకంటే వెలుతురు కోసం. అప్పుడు టోక్యోలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. మన హైదరాబాద్‌లో అదే రోజుల్లో ఐదూ నలభై దాకా ఎండ ఉంటుంది. మేం వెళ్ళిన రోజుల్లో పార్కు రాత్రి తొమ్మిదికి మూశారు. అంటే దీపాల వెలుగులో ఫోటోలు తీసుకోవడానికి నాలుగు గంటల పైమాట. జూన్‌లో వెళ్తే చీకటి పడేసరికే ఏడు దాటుతుంది, పైగా వానాకాలం. సీజన్ గురించి ఎవరైనా అడిగితే నేను ఇదొక్కటే చెప్తాను. చలి ఉంటుంది, ఓర్చుకోవాలి.

ముందు బస సంగతి. మొదటి మూడు రాత్రులు టోక్యో నడిబొడ్డున ఒక హోటల్. వెబ్‌సైట్లో గది ఫోటోలు చూసి ఇద్దరం ముచ్చటపడ్డాం. తీరా తలుపు తీస్తే సూట్‌కేసు నేల మీద పూర్తిగా తెరవడానికి చోటు లేదు. ఒకరు తెరిస్తే ఇంకొకరు మంచమెక్కి కూర్చోవాలి. మా ఆవిడ గది నాలుగు మూలలూ ఓసారి చూసి, "గది పెద్దగా కనిపించే పదహారు ఎంఎం లెన్సుతో, ఆ బాత్‌రూమ్ గుమ్మంలో కింద కూర్చుని తీసుంటాడు. వాడు నాకన్నా గొప్ప ఫోటోగ్రాఫర్ అండీ" అంది. కాబట్టి జపాన్‌లో గది బుక్ చేసేటప్పుడు ఫోటో చూడకండి, చదరపు మీటర్లు చూడండి. పదమూడు, పద్నాలుగు అని రాసుంటే మీ సూట్‌కేసు ఎంతో ముందే కొలుచుకోండి.

తర్వాతి రెండు రాత్రులు పార్కు ఉన్న మైహామాలో, దాని చుట్టూ తిరిగే మోనోరైలు దారిలో ఉన్న ఒక పెద్ద హోటల్లో దిగాం. ఖర్చు రెట్టింపు దాటింది, కానీ ఆ డబ్బు దండగ కాలేదు. మధ్యాహ్నం బ్యాటరీలు చార్జింగ్‌కి పెట్టి గంట సేపు నడుం వాల్చడం, రాత్రి షో అయ్యాక రైళ్ళ కిక్కిరిసిన గుంపులో పడకుండా పదిహేను నిమిషాల్లో గదికి చేరడం, ఈ రెండూ ఫోటోలు తీసేవాళ్ళకి రైడ్లకన్నా ముఖ్యం. మోనోరైలుకి టికెట్ కొనాలి, ఊరికే ఎక్కించుకోరు. దాని కిటికీలు, పట్టుకునే పిడులు కూడా మిక్కీ తలకాయ ఆకారంలోనే ఉంటాయి. అవతలి కిటికీలోంచి పార్కు పెట్టి, ఇవతలి పిడులను ఫ్రేములో ఉంచి మా ఆవిడ తీసిన ఫోటో ఇప్పుడు మా హాల్లో ఉంది.

పార్కులోనే ఉన్న మిరాకోస్టా హోటల్ సంగతి కూడా చూశాం. కిటికీ తెరిస్తే ఓడరేవు, ఎదురుగా అగ్నిపర్వతం, అక్కడి అతిథులకి పార్కులోకి పదిహేను నిమిషాలు ముందే ప్రవేశం. ఖాళీ పార్కుని ఫోటో తియ్యాలంటే ఆ పదిహేను నిమిషాలు బంగారం. ధర చూశాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని యాప్ మూసేశాం.

టోక్యో స్టేషన్ నుంచి మైహామాకి కేయో లైన్ రైల్లో పావుగంట ప్రయాణం. కానీ ఆ స్టేషన్లో కేయో లైన్ ప్లాట్‌ఫాం చేరడానికే దాదాపు ఇంకో పావుగంట నడవాలి. కదిలే పట్టీల మీద నిలబడి, మెట్లు దిగి, మళ్ళీ దిగి, ఇదేదో ఇంకో ఊళ్ళో ఉందేమో అనిపిస్తుంది. సామాన్లుంటే విమానాశ్రయం నుంచే నేరుగా పార్కు హోటళ్ళకి బస్సులున్నాయి, వాటిలో రండి.

టికెట్ ధర రోజుని బట్టి మారుతుంది. మేం వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళకి 7,900 నుంచి 10,900 యెన్. ఆ రోజుల్లో యెన్ అరవై పైసల లోపే కాబట్టి మనిషికి ఐదారు వేల రూపాయలు. వారం మధ్యలో వెళ్తే ధరా తక్కువ, జనమూ తక్కువ. మేం బుధవారం, గురువారం రెండు రోజులూ డిస్నీసీకే కొన్నాం. ఒక రోజు డిస్నీల్యాండ్ చూద్దామా అని నేనన్నాను. "చూసినచోటే రెండోసారి చూస్తే అప్పుడు కనిపిస్తుంది" అంది ఆమె. ఆ మాట నిజమే, కానీ అప్పుడు నేను ఒప్పుకోలేదు.

ఇక ట్రైపాడ్ కథ. వెళ్ళేముందు ఆమె కోసం కార్బన్ ఫైబర్ ట్రైపాడ్ కొన్నాను. తేలికది, మడిస్తే చంకలో పడుతుంది, ధర మాత్రం తేలిక కాదు. గేటు దగ్గర బ్యాగులు చూసే అమ్మాయి దాన్ని చూసి, చిరునవ్వు చెరగకుండా రెండు చేతులూ అడ్డంగా కత్తెరలా పెట్టి, లాకర్ల వైపు చూపించింది. పార్కులో ట్రైపాడ్లు, మోనోపాడ్లు, సెల్ఫీ స్టిక్కులు వాడకూడదు. నియమం సైట్లో ఉంది, చదవనిది నేనే. ఆ రోజంతా అది లాకర్లో పడుకుంది, మా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

ట్రైపాడ్ లేకపోయినా ఫోటోలకి లోటేమీ రాలేదు. ఓడరేవు చుట్టూ నడుం ఎత్తు రాతి గోడ ఉంది. కెమెరా కింద మడిచిన మఫ్లర్ పెట్టి, రెండు సెకన్ల టైమర్ పెట్టి తీస్తే అర సెకను ఎక్స్‌పోజరు కూడా కదలకుండా వచ్చింది. మనుషులుండే ఫోటోలకి 35 ఎంఎం లెన్స్, తక్కువ వెలుతురులోనూ పని జరగడానికి ఐఎస్ఓ 3200. పెద్ద జూమ్ లెన్స్ తెచ్చి బ్యాగులోంచి తీసింది రెండుసార్లే. మోసినవాణ్ణి కాబట్టి ఆ లెక్క నాకు బాగా గుర్తుంది.

లోపలికి అడుగుపెట్టి మిరాకోస్టా కింది కమాను దాటగానే నీళ్ళు, వాటి అవతల 51 మీటర్ల ప్రొమీథియస్ పర్వతం, పార్కువాళ్ళు కట్టిన అగ్నిపర్వతం. అప్పుడప్పుడు అది గర్జించి మంటలు కక్కుతుంది. అందరూ అక్కడే ఆగి ఫోటో తీసుకుంటారు, అందరి ఫోటోలూ ఒకేలా ఉంటాయి. మేం నీళ్ళ అవతలి ఒడ్డున, కొండ పాదం దగ్గరున్న కోటకి వెళ్ళాం. లోపలికి వెళ్ళడానికి వేరే టికెట్ లేదు, చాలామంది పట్టించుకోకుండా పోతారు. పై అంతస్తు నుంచి వెనక్కి చూస్తే ఇటలీ ఊరిలాంటి మిరాకోస్టా మొత్తం నీళ్ళలో తలకిందులుగా కనిపిస్తుంది. నా ఓటు దానికే.

కొండ లోపలి మిస్టీరియస్ ఐలాండ్ పగలు మామూలుగా ఉంటుంది. చీకటి పడ్డాక ఆవిర్లు, తుప్పు రంగు ఇనుము, కింద నీళ్ళలో జలాంతర్గామి. అక్కడ ఆమె గంటన్నర ఉంది. నేను బెంచీ మీద కూర్చుని ఒక కునుకు తీశాను. మర్మెయిడ్ లగూన్ లోపలి భాగం మాత్రం నన్నడిగితే పిల్లలున్నవాళ్ళకే. 2024 జూన్‌లో తెరిచిన ఫాంటసీ స్ప్రింగ్స్ అనే కొత్త భాగానికి దాదాపు 32,000 కోట్ల యెన్లు ఖర్చు పెట్టారట. రపుంజెల్ గోపురం, మంచు కొండల కింద 'ఫ్రోజెన్' సినిమాలోని ఆరెండెల్ ఊరు, జలపాతాలు, అన్నీ అందమే. కానీ ఎటు కెమెరా తిప్పినా ఫ్రేములో రెండొందల తలలు. అక్కడికి పొద్దున్నే వెళ్ళాలి, లేదా మూసేముందు అరగంట.

మరపురాని చోటంటే కేప్ కాడ్. అమెరికా మత్స్యకారుల పల్లెలా చిన్న చెక్క ఇళ్ళు, ఒక లైట్‌హౌస్. నీళ్ళ అవతల ఎస్.ఎస్. కొలంబియా అనే పెద్ద ఓడ, దాని ముందు క్రిస్మస్ చెట్టు. నాలుగున్నరకి పొద్దు గుంకింది. నాలుగూ నలభై ఐదుకి ఓడ దీపాలు వెలిగాయి, ఆకాశం ఇంకా నల్లబడలేదు, ఇంకు సీసాలో నీళ్ళు పోసినట్టుంది. ఆ నీలం ఇరవై నిమిషాలే. ఆ ఇరవై నిమిషాలూ మా ఆవిడ ఊపిరి కూడా లెక్కపెట్టి పీల్చింది. "ఏవండీ, ఒక్క నిమిషం" అన్న మాట నేను ఆ సాయంత్రం పదకొండుసార్లు విన్నాను.

రెండు రోజుల్లో మేమెక్కిన రైడ్లు నాలుగు. భూగర్భంలోకి తీసుకెళ్ళేది, సింద్‌బాద్ పడవ, గాల్లో ఎగురుతున్నట్టుండే సోరింగ్, చివరికి గొండోలా పడవ. సోరింగ్‌కి వరస గంటన్నర చూపిస్తుంటే యాప్‌లో డబ్బు కట్టి, ఆ వరస తప్పించే ప్రీమియర్ యాక్సెస్ తీసుకున్నాం. దాని ధర రైడుని బట్టి మారుతుంది. అన్నిటికీ కొంటే జేబు ఖాళీ, ఒక్కదానికి కొంటే తెలివి. సింద్‌బాద్‌కి ఎప్పుడూ పెద్దగా వరస ఉండదు, పాట బాగుంటుంది, కాళ్ళకి విశ్రాంతి. రైడ్ల లోపల ఫ్లాష్ వేస్తే మాత్రం ఊరుకోరు.

తిండి విషయం దాచడమెందుకు, ఇబ్బందే. నేను గుడ్డు తింటాను, ఆమె అదీ తినదు. జపాన్ సూపుల్లో, నూడుల్స్‌లో చేప రసం ఉంటుంది, చూపుకి తెలియదు. బయటి తిండి లోపలికి తేవద్దంటారు, కట్టుకెళ్ళింది తినాలంటే గేటు బయట వేరే చోటుంది. మేం పులిహోర పొట్లాలతో అక్కడ కూర్చుంటే పక్క బెంచీ మీది జపాన్ బామ్మ గారు ఇంగువ వాసనకి ఓసారి తలెత్తి చూశారు. లోపల మమ్మల్ని ఆదుకున్నది పార్కులోని అరేబియన్ కోస్ట్ అనే భాగంలో అమ్మే కర్రీ పాప్‌కార్న్. ఆ వీధి మలుపు తిరక్కముందే మసాలా వాసన వచ్చేస్తుంది. ప్రాణం లేచొచ్చింది. అక్కడి గుమ్మటాల ఫోటోలన్నిటిలో నా చేతిలో అదే డబ్బా ఉంది. పార్కు అయ్యాక ఒక రాత్రి నిషికసాయ్ వెళ్ళాం. మన ఐటీ కుటుంబాలు బాగా ఉండే పేట, తెలుగు మాట రోడ్డు మీదే వినపడుతుంది. సాంబారు తగిలాక గానీ మా ఆవిడ మొహంలో రంగు రాలేదు.

సేవల మాటకొస్తే, అక్కడి సిబ్బందికి ఎవరికిచ్చినా మన కెమెరాతో ఫోటో తీసిపెడతారు, విసుక్కోరు, రెండు చేతులతో అందుకుని రెండు చేతులతో తిరిగిస్తారు. పార్కు ఫోటోగ్రాఫర్లు వేరే ఉంటారు, వాళ్ళు తీసినవి కావాలంటే కొనుక్కోవచ్చు. జంటగా ఒక్కటైనా కావాలని మేం ఒకటి కొన్నాం, ఎందుకంటే మా ఆల్బంలో మా ఆవిడ ఎక్కడా ఉండదు.

రెండో రోజు మధ్యాహ్నం ఓడరేవు దగ్గర ఊడ్చే పెద్దాయన ఒకరు చీపురు బకెట్‌లో ముంచి, రాతి నేల మీద గీయడం మొదలుపెట్టారు. ముందు ఒక గుండ్రం, తర్వాత రెండు చెవులు, ముక్కు. చీపురు పుల్లలు ఒక పక్కకి వంచి సన్నటి నవ్వు గీత. ఒక్క నిమిషంలో నీళ్ళ మిక్కీ తయారు. మా ఆవిడ నేల మీద బోర్లా పడుకుంది, కొత్త కోటుతో సహా. ఆరేడు ఫోటోలు తీసేసరికి ఒక చెవి అంచు ఆరడం మొదలైంది. తర్వాత ముక్కు పోయింది. ఆమె ఆ ఆరిపోవడాన్ని కూడా వరసగా తీసింది, చివరి ఫోటోలో ఉత్త రాయి. పెద్దాయన అప్పటికే వంగి దణ్ణం పెట్టి, చీపురు భుజానేసుకుని అవతలికి వెళ్ళిపోయారు.

రాత్రి షోకి గంటన్నర ముందే చాప పరిచి కూర్చున్నాం. ఓడరేవు నీళ్ళ మీద పడవలు, మంటలు, మిరాకోస్టా గోడల మీద బొమ్మలు. సముద్రపు గాలి ఎక్కువైతే రద్దు చేస్తారని తెలిసి, జెండా ఊగిన ప్రతిసారీ టెన్షన్. దుకాణాల్లో చేతులు వెచ్చబెట్టుకునే వేడి పొట్లాలు దొరుకుతాయి, రెండు కొనండి. ఒకటి చేతికి, ఒకటి బ్యాటరీకి. చలికి బ్యాటరీ ఇట్టే పడిపోతుంది. షో మొదలవగానే ముందున్నవాళ్ళంతా తలమీది మిక్కీ చెవులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఎవరూ చెప్పలేదు. ఫోన్‌ని తలకన్నా పైకెత్తినవాడు కూడా లేడు. మన దగ్గర కచేరీలో ముందు వరసని తలుచుకుని నిట్టూర్చాను.

చివరి రోజు పొద్దున ఆరున్నరకి లేపింది. హోటల్ వరండా చివరి అద్దంలోంచి, సముద్రం అవతల, ఫూజీ కొండ గులాబీ రంగులో ఉంది. అద్దం మీద లోపలి దీపాలు ప్రతిఫలిస్తున్నాయి. ట్రైపాడ్ తెమ్మంది. ఐదు రోజుల్లో దానికి పని పడింది అప్పుడే. నా నల్ల కోటు విప్పించి, లెన్స్ చుట్టూ గుడారంలా పట్టుకోమంది. ఒక పక్క ట్రైపాడ్ మూడు కాళ్ళ మీద, ఇంకో పక్క నేను రెండు కాళ్ళ మీద.

"ఏవండీ, ఒక్క నిమిషం" అంది. "కదలకండి. ట్రైపాడ్ చూడండి, ఎంత బుద్ధిగా ఉందో."